ఏడు ఆటల హాదీ, ఒక్క గేటు

మొన్న జూలైలో ధర్మవరం నుంచి హిందూపురానికి ప్యాసింజర్ బండిలో పోతాంటి. పెనుకొండలో ఇద్దరు పిల్లోళ్లు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. ఇంటర్ చదివే వయసు. ఒక్క ఫోన్లోనే ఇద్దరూ తలకాయలు పెట్టి వింబుల్డన్ చూస్తాండారు. సిగ్నల్ పోతే బొమ్మ నిలబడిపోతాది, మళ్లా కదుల్తాది. అట్ల చూస్తా చూస్తా ఒకడు అన్నాడు, ఎంత చూసినా ఏం లాభంరా, ఈ ఆట మనది కాదు, డబ్బులున్నోళ్లది అని. రెండోవాడు అవునన్నట్లు తల ఊపినాడు.

ఆ మాటకు నాకు కోపం రాలే. వాని వయసు కంటే ముందే ఆ మాట నేనూ అనుకోని ఉంటి. కానీ వానికి ఒక మనిషి కథ చెప్పాలనిపించింది. మొదలుపెడితి. సగం కూడా కాలే, హిందూపురం స్టేషన్ వచ్చేసింది. వాళ్లు దిగిపోయినారు, నేనూ దిగితి. మిగిలిన సగం కడుపులోనే ఉండిపోయింది. అందుకే ఈడ రాస్తాండా. ఆ పిల్లోళ్లు చదువుతారో లేదో తెలీదు, మీరన్నా చదవండి.

ఆ మనిషి పేరు సయ్యద్ మహమ్మద్ హాదీ. హైదరాబాదు మనిషి. నూరేండ్ల కిందట, 1924లో, పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశం తరపున టెన్నిస్ ఆడినాడు. డేవిస్ కప్పు ఆడినాడు. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టింది కూడా ఈయనే. క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, చదరంగం, పోలో.. ఏడు ఆటలు ఆడతాన్నాడని రెయిన్‌బో హాదీ అని పేరు పెట్టినారు. ఏడు రంగుల హరివిల్లు అన్నమాట. వాన పడడమే కరువైన మన సీమలో హరివిల్లు ఎన్నాళ్లకొకసారి కనపడతాదో మీకు తెల్సు. ఈయన పేరు మన పిల్లోళ్లకు అంతకంటే తక్కువ తెల్సు.

హాదీ కథకు ముందు నా కథ నాలుగు ముక్కలు చెప్తా. ఎందుకు చెప్తాండానో కడాకు మీకే తెలుస్తాది.

నాకు పదకొండేండ్లప్పుడు మా నాయన మగ్గం పని కోసం కొన్నాళ్లు ఇంకో టౌనులో ఉంటిమి. ఆడ ఒక క్లబ్బు ఉండేది, పేరు వద్దులెండి. ఎర్రమట్టి కోర్టు, చుట్టూ ఇనుప జాలీ, ముందర ఒక గేటు. సాయంత్రమైతే ఆఫీసర్లు, డాక్టర్లు, లాయర్లు తెల్ల నిక్కర్లు ఏసుకోని వచ్చి ఆడేవాళ్లు. మేం నలుగురు పిల్లోళ్లం బాల్లు ఏరి అందిస్తాంటిమి. రోజుకు రెండు రూపాయలు. రాకెట్ అనే మాట మాకు తెలీదు, దాన్ని బ్యాటు అనే అంటాంటిమి. ఒక దినం బెంచీ మీద ఎవరో బ్యాటు పెట్టి నీళ్లు తాగేదానికి పోయినారు. నేను దాన్ని చేతికి తీసుకోని గాల్లో రెండుసార్లు ఊపితి. అంతే. ఎవురూ కొట్టలే, ఎవురూ తిట్టలే. మర్నాడు పోతే గేటు తీయలే. ఆ మర్నాడూ తీయలే. ఇంగ నేను పోలే. ధర్మవరానికి తిరిగొచ్చినాక సందుల్లో పిల్లోళ్లతో క్రికెట్ ఆడుకుంటా పెద్దయినా. విచిత్రమేందంటే మేం క్రికెట్ ఆడింది కూడా టెన్నిస్ బాలుతోనే.

ఈ గేటును మనసులో పెట్టుకోని హాదీ కథ వినండి.

తండ్రి లేని పిల్లోడు

హాదీ 1899 ఆగస్టు 12న హైదరాబాదులో పుట్టినాడు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఏలుబడి. మన అనంతపురం సీమ కూడా ఒకప్పుడు నిజాం చేతికిందే ఉండేది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి రాసిచ్చేసినాడు. అందుకే మనల్ని దత్త మండలాలు అన్నారు. అట్ల మన పక్క మద్రాసు కిందికి పోయింది, హైదరాబాదు నిజాం కిందనే ఉండిపోయింది.

హాదీ నాయన కెప్టెన్ హోదా ఉన్న మనిషి, గుర్రపు స్వారీలో పేరు తెచ్చుకున్నోడు. కానీ కొడుకుకు రెండేండ్లు వచ్చేసరికే నాయన కన్ను మూసినాడు. తండ్రి పోయిన పిల్లోని బతుకు ఎట్ల ఉంటాదో నేను చెప్పే పనిలేదు. ఎవరి పంచనో పడల్ల. హాదీ పడిన పంచ మాత్రం మామూలు పంచ కాదు. ఆస్మాన్ జా అని నిజాం దగ్గర 1887 నుంచి 1894 దాకా దీవాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా పని చేసిన పాయిగా నవాబు ఉండేవాడు. పాయిగాలంటే నిజాం తర్వాత నిజాం అంతటోళ్లు. ఊర్లకు ఊర్లే వాళ్ల జాగీర్లు. ఆ కుటుంబం హాదీని చేరదీసింది. ఆస్మాన్ జా కొడుకు మొయినుద్దౌలా ఉన్న ఇంట్లోనే ఈ పిల్లోడూ పెరిగినాడు.

మొయినుద్దౌలా పేరు క్రికెట్ చూసేవాళ్లు వినే ఉంటారు. హైదరాబాదు మొయినుద్దౌలా గోల్డ్ కప్పు ఆయన పేరు మీదిదే. ఆటలంటే పిచ్చి ఉన్న ఇల్లు అది. గుర్రాలు ఉండాయి, మైదానం ఉండాది, బ్యాట్లు ఉండాయి, నేర్పించేవాళ్లు ఉండారు. అన్నిటికంటే పెద్ద సంగతి, ఈ పిల్లోడు బ్యాటు ముట్టుకుంటే గేటు మూసేవాళ్లు ఎవురూ లేరు. ఏడు ఆటలు వచ్చింది అట్ల.

ఆయనకు చేతిలో సత్తా లేదని నేను అనడంలే. సత్తా లేకుంటే ఎంత పెద్ద మైదానం ఉన్నా గడ్డి పీక్కోవడమే. ఆ ఇంట్లో ఆయన మాదిరి పెరిగినోళ్లు ఇంకా మంది ఉంటారు, అందరూ హాదీలు కాలే. కానీ సత్తా ఉన్నోనికి చోటు కూడా దొరకల్ల కదా. హాదీకి రెండూ ఒక్కతావ కలిసినాయి.

కేంబ్రిడ్జి దోవ

హైదరాబాదులో నిజాం కాలేజీ 1887లో పెట్టినారు. హాదీ ఆడ చదివినాడు. చదువు ఒక చేత్తో, ఆట ఇంకో చేత్తో. తర్వాత పెద్ద చదువుకని ఇంగ్లండుకు పోయినాడు. కేంబ్రిడ్జి యూనివర్సిటీలో పీటర్‌హౌస్ అనే పాత కాలేజీలో చేరినాడు.

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయి కొన్నేండ్లే. ఓడలో పోతే ఇంగ్లండు చేరేదానికి రెండు మూడు వారాలు. మన మొహం చూస్తే బానిస దేశపోడు అనుకునే కాలం. అట్లాంటి తావ ఈయన టెన్నిస్‌లో కేంబ్రిడ్జి బ్లూ తెచ్చుకున్నాడు. బ్లూ అంటే ఏందంటే, యూనివర్సిటీ జట్టు తరపున ఆడినోళ్లకిచ్చే గౌరవం. కేంబ్రిడ్జిది లేత నీలం రంగు. ఆ రంగు కోటు ఏసుకునే హక్కు ఊరికే రాదు.

టెన్నిస్ అప్పటికి ముసలి ఆట కాదు. ఇంగ్లండులో 1870లలో మొదలై, 1877లో మొదటి వింబుల్డన్ జరిగింది. తెల్లోళ్లు యాడికి పోతే ఆడికి దాన్ని ఎత్తుకోని పోయినారు. మన దేశంలో కంటోన్మెంట్లలో, కలెక్టర్ బంగళాల్లో, జిల్లా క్లబ్బుల్లో కోర్టులు లేచినాయి. ఆడేది దొరలు, వాళ్ల కింద పెద్ద ఉద్యోగాలు చేసే మనోళ్లు, రాజులు, నవాబులు. బాల్లు ఏరేది మాత్రం ఎప్పుడూ మనమే.

మన దేశం డేవిస్ కప్పులో మొదటిసారి ఆడింది 1921లో. డేవిస్ కప్పంటే టెన్నిస్‌లో దేశాల మధ్య పోటీ, 1900లో మొదలయింది. మన జట్టు పోయిన మొదటి ఏడాదే పారిస్‌లో ఫ్రాన్సును 4-1తో ఓడగొట్టింది. బానిస దేశం పోయి ఫ్రాన్సును వాళ్ల గడ్డ మీదనే ఓడించడం చిన్న సంగతా? కానీ ఆ కాలంలో మన తరపున ఆడినోళ్లు ఎవరో చూడండి. మహమ్మద్ సలీం లాహోరు బారిస్టరు. సిడ్నీ జాకబ్ ఐసీఎస్ ఆఫీసరు. ఓడ చార్జీలు పెట్టుకోని, నెలల తరబడి సంపాదన లేకుండా విదేశాల్లో ఉండగలిగినోళ్లే ఆ జట్టులో ఉండగలరు.

ఇట్లాంటి జట్టులోకి హాదీ వచ్చినాడు. 1924, 1925లో డేవిస్ కప్పు ఆడినాడు.

పారిస్, 1924

1924 ఎండాకాలంలో పారిస్‌లో ఒలింపిక్స్. టెన్నిస్ కూడా ఉండింది. మన టెన్నిస్ జట్టులో సలీం, జాకబ్ లాంటోళ్లతో పాటు హాదీ పోయినాడు. అప్పుడు ఆయనకు ఇంకా 25 ఏండ్లు నిండలే. అదే జట్టులో నోరా పాలీ అనే ఆమె కూడా ఉండింది. ఒలింపిక్స్‌లో భారత్ తరపున ఆడిన మొదటి ఆడమనిషి ఆమే. జాకబ్ సింగిల్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా పోయినాడు. మనకు మెడల్ రాలే. సింగిల్స్ బంగారు పతకాలు రెండూ అమెరికాకు పోయినాయి, మగోళ్లలో విన్సెంట్ రిచర్డ్స్‌కు, ఆడోళ్లలో హెలెన్ విల్స్‌కు.

ఆ పోటీల్లోనే నెదర్లాండ్స్ నుంచి కీ బౌమన్ అనే అమ్మాయి, హెండ్రిక్ టిమ్మర్ అనే అబ్బాయి మిక్స్‌డ్ డబుల్స్‌లో కంచు పతకం తీసుకున్నారు. మూడేండ్లకు, 1927లో, ఆ అమ్మాయే ఫ్రెంచ్ చాంపియన్‌షిప్ సింగిల్స్ గెలిచింది. ఆమె తర్వాత ఇంతవరకు ఏ డచ్చి ఆడమనిషీ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవలే. మన ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు ఉండే దేశం అది. చిన్న దేశమైతే చిన్న ఆట ఆడల్లని యాడా రాసిపెట్టి లేదు.

ఈడ ఒక సంగతి తెలుసుకోవల్ల. పారిస్ తర్వాత ఒలింపిక్స్‌లో టెన్నిస్సే లేకుండా పోయింది. మెడల్స్ ఇచ్చే ఆటగా మళ్లా వచ్చింది 1988లో, సియోల్‌లో. 64 ఏండ్లు! ఎందుకంటే టెన్నిస్ నడిపే సంఘానికి, ఒలింపిక్స్ నడిపే కమిటీకి జగడం వచ్చింది. ఆ జగడంలో పెద్ద ముడి అమెచ్యూర్ అనే మాట. ఆట ఆడినందుకు డబ్బులు తీసుకోకూడదు, తీసుకుంటే వాడు అమెచ్యూర్ కాదు, వానికి పెద్ద పోటీల్లో చోటు లేదు, ఇదీ అప్పటి చట్టం. ఎవరిని అమెచ్యూర్ అనల్ల, ఎవరిని అనకూడదు అనే దగ్గర ఇద్దరికీ కుదరలే.

వినేదానికి ఈ చట్టం ధర్మంగానే ఉంటాది. ఆట కోసమే ఆట, డబ్బు కోసం కాదు. కానీ ఒక్క నిమిషం ఆలోచన చేయండి. డబ్బులు రాని ఆటను రోజూ నాలుగు గంటలు ఎవరు ఆడగలరు? ఇంట్లో తిండికి చింత లేనోడే ఆడగలడు. మగ్గం దిగితే ఆ పూట కూలి పోయేవాడు ఆడగలడా? శనక్కాయ పీకే కాలంలో పొలం విడిచిపెట్టి ఆడగలడా? గేటుకు తాళం వేసి, దాని మీద ధర్మం అని రాసినట్లుండాది ఆ చట్టం. ఆ కాలంలో అందరికంటే పెద్ద పేరున్న సుజాన్ లెంగ్లెన్ 1926లో డబ్బులకు ఆడతానని బయటికొస్తే, ఆమెకు కూడా వింబుల్డన్ గేటు మూసేసినారు. ఆ తాళం పూర్తిగా ఊడింది 1968లో.

కాబట్టి హాదీ ఒలింపిక్స్‌లో ఆడిన కాలం ఒక చిన్న సందు మాదిరి. ఆ సందు దాటితే తలుపు మూసుకుంది. ఈయన ఆ సందులో దూరగలిగినాడు, ఎందుకంటే ఎనక పాయిగా ఇల్లు ఉండింది. ఆయన గొప్పతనం ఎంత నిజమో, ఇదీ అంతే నిజం.

రంజీలో మొదటి నూరు

హైదరాబాదుకు తిరిగొచ్చినాక హాదీ టెన్నిస్ ఒక్కటే పట్టుకోని కూర్చోలే. క్రికెట్ వైపు తిరిగినాడు. 1930లో మొయినుద్దౌలా కప్పు మొదలైన సీజన్ నుంచే పెద్ద మ్యాచులు ఆడినాడు. 1934లో మన దేశంలో రాష్ట్రాల మధ్య పోటీ ఒకటి మొదలుపెట్టినారు. దానికి రంజిత్‌సింహ్‌జీ పేరు పెట్టినారు, అదే మన రంజీ ట్రోఫీ. మొదటి మ్యాచి 1934 నవంబరు 4న మద్రాసు చేపాక్‌లో, మద్రాసుకు, మైసూరుకు. ఒక్క దినంలోనే అయిపోయింది, మద్రాసు గెల్చింది. ఆ మ్యాచిలో ఎవురూ సెంచరీ కొట్టలే.

ఆ తర్వాత అదే సీజన్‌లో హైదరాబాదు, మద్రాసు తలపడినాయి. హాదీ 132 పరుగులు కొట్టి నాటౌట్‌గా నిలబడినాడు. రంజీ ట్రోఫీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఈనాటికి వేల సెంచరీలు కొట్టింటారు. సచిన్ కొట్టినాడు, గవాస్కర్ కొట్టినాడు, మన లక్ష్మణ్ ఒక్క సీజన్‌లోనే ఎనిమిది కొట్టినాడు. అన్నిటికీ ముందర ఉండేది మాత్రం ఒక టెన్నిస్ ఆటగాని పేరు. అప్పటికి హాదీ వయసు 35. ఈ కాలంలో 35 అంటే ఇంగ చాలులే అని ఇంటికి పంపించే వయసు.

1936లో భారత జట్టు ఇంగ్లండుకు పోయింది. దానితో హాదీ కూడా పోయినాడు, టెస్టు మాత్రం ఆడలే. ఆ పర్యటన మన తెలుగోళ్లు తెలుసుకోవల్సిన కథ. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అంటారు. ఆట కంటే పలుకుబడి ఎక్కువ ఉన్న మనిషి. ఆయన కింద ఆడినోడు సీకే నాయుడు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ, 1932లో మన మొదటి టెస్టుకు కెప్టెన్. ఆట తెలిసినోడు కింద, డబ్బు తెలిసినోడు పైన. జట్టులో ముఠాలు లేచినాయి. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపించేసినారు. మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయినాం, ఒకటి డ్రా.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. డబ్బున్న ఒక ఇల్లు తండ్రి లేని పిల్లోనికి గేటు తీసింది, ఒక హాదీ వచ్చినాడు. డబ్బున్న ఇంకో మనిషి గేటు ముందర తానే నిలబడినాడు, జట్టు చితికిపోయింది. తాళంచెవి ఒక్కని చేతిలో ఉంటే ఇంతే. వాని మనసు మంచిదైతే మనకు వెలుగు, కాకుంటే చీకటి. మన సత్తాకు ఆడ లెక్క లేదు.

ఆ మైదానం ఎవరి చెమట

ఇంతవరకు చదివినాక మీలో ఒకరన్నా అడుగుతారు. నవాబుల ఇంట్లో పెరిగినోని కథ మాకెందుకప్పా, మేం గుడిసెలోనో, రేకుల ఇంట్లోనో పుట్టినోళ్లం అని. న్యాయమైన మాటే. నేను దాన్ని దాటేసి పోను.

పాయిగా జాగీర్లు ఆకాశం నుంచి రాలే. ఊర్ల నుంచి వచ్చే శిస్తు మీద ఆ ఇండ్లు నడిచినాయి. తెలంగాణ పల్లెల్లో వెట్టి చాకిరి ఉండిన కాలం అది. ఏ ఊరి రైతు కట్టిన శిస్తుతోనో ఆ గుర్రానికి దాణా వచ్చింది, ఆ కోర్టుకు సున్నం గీత పడింది. ఆ రైతు కొడుకు ఆ కోర్టును కండ్లతో కూడా చూసిండడు. వానిలో ఒక హాదీ ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు? ఎవరూ వాని చేతికి బ్యాటు ఇచ్చి చూడలే కదా.

నాకు హాదీ కథలో అన్నిటికంటే బరువైన సంగతి ఇదే. ఆయన ఎంత ఆడినాడు అనేది కాదు. ఒక్క పిల్లోనికి గేటు తీస్తే ఏడు ఆటలు వచ్చినాయి. మరి గేటు తీయని లక్ష మంది పిల్లోళ్ల దగ్గర ఎన్ని ఆటలు పోయినాయి? ఆ లెక్క ఏ రికార్డు పుస్తకంలోనూ లేదు.

హాదీ మీద నాకు గౌరవం పెరిగింది ఆయన బ్యాటు పక్కన పెట్టినాక చేసిన పనితో. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. నవాబుల కాలం పోయింది. శానామంది పెద్దింటోళ్లు పాత వైభవం తల్చుకుంటా కూర్చున్నారు. ఈయన కూర్చోలే. కేంద్ర విద్యాశాఖలో పని చేసినాడు, అఖిల భారత క్రీడా మండలికి కార్యదర్శిగా ఉన్నాడు. ఆ మండలి పని ఏందంటే, ఆటలకు ఏం చేయల్లో ప్రభుత్వానికి సలహా చెప్పడం, సంఘాలకు డబ్బు సాయం అందేటట్లు చూడడం. అంటే నవాబు చేతిలోని తాళంచెవి సర్కారు చేతికి మారే కాలంలో ఈయన ఆ పనిలో ఉన్నాడు. తాను లోపలికి పోయిన దోవ ఏందో ఆయనకు తెలుసు కదా.

1971 జూలై 14న హాదీ కన్ను మూసినాడు. ఇంకొక్క నెలుంటే 72 ఏండ్లు నిండేవి. ఆయన పుట్టిన హైదరాబాదులోనే పెరిగిన సానియా మీర్జా 2015లో వింబుల్డన్ డబుల్స్ గెల్చింది. ఆ విజయం ఊరూరా మోగింది, మోగల్ల కూడా. ఆమెకు తొంభై ఏండ్ల ముందే ఆ ఊరి నుంచి ఒకడు ఒలింపిక్స్‌కు పోయినాడని మాత్రం శానామందికి తెలీకుండా పోయింది.

మన పక్క సంగతి

ఇప్పుడు మన దగ్గరకొస్తాం. ఈ ఆట మనది కాదు అన్న పిల్లోనికి నేను బండిలో చెప్పలేకపోయిన మాట ఒకటుండాది.

అనంతపురంలో ఆర్డీటీ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ ఉండాది. 2010లో ఆడ రఫెల్ నాదల్ ఫౌండేషన్ ఒక టెన్నిస్ బడి తెరిచింది. నాదల్ ఆయన ఊరు యాడనో స్పెయిన్‌లో, మన ఊరు ఈడ కరువు సీమలో. ఆ బడిలో పేదింటి పిల్లోళ్లకు, ఆడపిల్లోళ్లకు కూడా, టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పిస్తాండారు. ఆ స్పోర్ట్స్ విలేజ్‌లోనే 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు జరిగినాయి, దేశంలోని పెద్ద ఆటగాళ్లు వచ్చి ఆడిపోయినారు. కాబట్టి ఈ ఆట మనది కాదు అనేది ఇప్పుడు పూర్తి నిజం కాదు తమ్ముడూ. కూలి చేసుకునేవాళ్ల బిడ్డ చేతిలో బ్యాటు నేను నా కండ్లతో చూసినా. జాలీ బయట నిలబడి చూసినా, కానీ ఈసారి లోపల ఉండింది మనోళ్ల పిల్లోళ్లు. నాకు పదకొండేండ్లప్పటి గేటు గుర్తొచ్చి కొంచేపు మాట రాలే.

అయితే ఇదీ ఒక గేటే. మంచి మనసున్నోళ్లు తీసిన గేటు. ధర్మవరం నుంచి అనంతపురానికి 40 కిలోమీటర్ల పైన. పెనుకొండ నుంచి ఇంకా దూరం. హిందూపురం నుంచి 100 కిలోమీటర్లు దాటుతాది. సాయంత్రం బడి ఇడ్సినాక రోజూ ఎవరు పోగలరు? ఆడపిల్లను ఎవరు పంపిస్తారు? ఒక నవాబు ఇల్లు, ఒక ట్రస్టు, ఒక ఫౌండేషన్, వీళ్ల దయ మీద ఎంతమంది పిల్లోళ్లు లోపలికి పోతారు? దయ మంచిదే, కానీ దయ అందరికీ సరిపోదు. అందరికీ సరిపోయేది హక్కే.

ఆ హక్కు మనకు కాగితం మీద ఉండాది. శానామందికి తెలీదు. 2009లో వచ్చిన విద్యా హక్కు చట్టం కడాన ఒక షెడ్యూలు ఉండాది. బడి అంటే ఏమేం ఉండల్లో దాంట్లో రాసినారు. నీళ్లు, మరుగుదొడ్లు, లైబ్రరీతో పాటు ఆట స్థలం ఉండల్ల, ఆట సామాను ఉండల్ల అని రాసుండాది. అదే చట్టంలో బడిని చూసుకునేదానికి ఒక కమిటీ పెట్టల్ల అని ఉండాది. ఆ కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండల్ల. అంటే మీ అమ్మ, మీ నాయన, మీ పక్కింటి చిన్నమ్మ. తాళంచెవి ఎవరి చేతిలో ఉండాదో చూసినారా?

మన మూడు టౌన్లలో, చుట్టూ పల్లెల్లో ఎన్ని బడులుండాయో, దాంట్లో ఎన్నింటికి మైదానం ఉండాదో, ఆ మైదానం సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎంతమందికి తెరిచి ఉంటాదో మీరే చూసుకోండి. కొన్ని తావ్ల మైదానంలో ఇసుక కుప్పలు పోసుంటారు. కొన్ని తావ్ల బండ్లు నిలబెడతారు. కొన్ని తావ్ల తాళం వేసి పోతారు, పిల్లోళ్లు గోడ దూకి ఆడుకుంటారు. అడిగేవాళ్లు లేక అట్ల ఉండాయి.

హాదీకి ఏడు ఆటలు వచ్చినాయని మురిసిపోతాం. మన పల్లె పిల్లోనికి ఎన్ని వస్తాయో లెక్క వేయండి. కబడ్డీ, ఖోఖో, బిల్లంగోడు, బొంగరం, ఈత, చెట్లెక్కడం, టెన్నిస్ బాలు క్రికెట్. అవీ ఏడే. చేతిలో సత్తాకు కరువు లేదు. కరువంతా గేటు దగ్గరే.

కాబట్టి నేను మీకు చెప్పేది పెద్ద మాట కాదు. ఈ నెల మీ ఊరి బడి కమిటీ మీటింగు ఎప్పుడో కనుక్కోండి. మీ అమ్మనో నాయననో తోడుకోని పోండి. రెండు సంగతులు అడగండి. మైదానం సాయంత్రం పూట తెరిచి పెడతారా? ఆట సామాను కొన్నారా, కొనుంటే బీరువాలో ఎందుకు పెట్టినారు? గొడవ పడొద్దండి, నిమ్మళంగా అడగండి. ఒక్కసారికి జవాబు రాకపోతే వచ్చే నెల మళ్లా పోండి. టెన్నిస్సే కావల్సిన పనిలేదు. ఒక గోడ, ఒక బ్యాటు, ఒక బాలు ఉంటే అదీ మొదలవుతాది.

పెనుకొండలో బండెక్కిన తమ్ముళ్లారా, మీరు ఇది చదువుతాంటే ఆ మిగిలిన సగం ఇదే. తండ్రి లేని పిల్లోడు ఒలింపిక్స్ దాకా పోయినాడు, ఎవరో గేటు తీసినారు కాబట్టి. మనకు ఎవరో వచ్చి తీసేదాకా కాచుకోని ఉండే పనిలేదు. మన గేటు తాళంచెవి మన ఇంట్లోనే ఉండాది.